కృష్ణ వైపు బాల్కనీ

మా తోడల్లుడు కృష్ణ ఒడ్డున ఫ్లాట్ కొనే ముందు, ఆ అపార్ట్‌మెంట్ రూల్స్ పుస్తకాన్ని నా చేతిలో పెట్టి చదివి చెప్పమన్నాడు. చదివాను. వాళ్ల కుటుంబానికి ఏ రూలు అడ్డం పడుతుందో ఆ కుర్చీలో కూర్చుని ఉండగానే నాకు అర్థమైంది. చెప్పలేదు. ఆ తర్వాత మా బంధువులంతా "చదవకుండా సంతకం పెట్టేశాడు" అని అతన్ని ఆటపట్టిస్తూ వచ్చారు. వాళ్లతో కలిసి నేనూ నవ్వాను. జరిగింది జరిగినట్టు ఇప్పటికైనా రాయాలి.

నేను మా అత్తగారింటికి పెద్దల్లుణ్ణి. విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం. మా ఆవిడ చెల్లెల్ని చేసుకున్నతనిది కంకిపాడు. మోటార్లు, పైపులు అమ్మే షాపు. ఇంటర్‌తో చదువు ఆపేశాడు. "అన్నయ్యగారు చదువుకున్నోరు, ఆయన్నడగండి" అని ప్రతి విషయానికీ నన్ను ముందుకు తోసేవాడు. అది నాకు బాగుండేది. మైలవరంలో మా అత్తగారింట్లో కోడి కోసిన రోజున కందనకాయ నా కంచంలోనే పడేది. ఏ సంవత్సరం నుంచి అది అతని కంచంలో పడడం మొదలైందో చెప్పలేను గానీ, పడిన మొదటిసారి మాత్రం గుర్తుంది. ఆ రోజు మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాను. అతనికి షాపు పెరిగింది, కారు వచ్చింది, మనిషిలో మాత్రం మార్పు రాలేదు. మారి, కాస్త పొగరు చూపించి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

మాది పటమటలో ఒక సందులో ఫ్లాట్. హాలు కిటికీ తీస్తే పక్క అపార్ట్‌మెంట్ డ్రైనేజీ పైపులు కనిపిస్తాయి. అది కొనడానికి ముందు మేమిద్దరం కరకట్ట పక్కన ఒక ఫ్లాట్ చూసొచ్చాం. మా ఆవిడ బాల్కనీ రెయిలింగ్ పట్టుకుని నీళ్లవైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. "దోమలు ఎక్కువ. వరదొస్తే కష్టం" అన్నాను. "మీ ఇష్టమండీ" అంది. నా జీతానికి బ్యాంకు వాళ్లు అంత లోను ఇవ్వలేమన్నారని ఆవిడకి చెప్పలేదు. దోమల మీదకి తోసేశాను.

అందుకని, మా తోడల్లుడు కంకిపాడులో ఇల్లు అమ్మేసి యనమలకుదురు వైపు కృష్ణ ఒడ్డున ఫ్లాట్ చూశానని చెప్పినప్పుడు, నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ రెయిలింగ్.

చూడ్డానికి అందర్నీ కార్లో ఎక్కించుకుని తీసుకెళ్లాడు. వానాకాలం. బ్యారేజీ గేట్లెత్తారు. కృష్ణ ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రగా, బరువుగా పోతోంది. ఎండాకాలం వస్తే అక్కడ ఇసుక మేటలూ, మధ్యలో సన్నటి పాయా తప్ప ఏమీ ఉండవని నాకు తెలుసు. ఆ ఆలోచనతో కాసేపు సర్దుకున్నాను.

"అన్నయ్యగారూ, పొద్దున్నే కిందకి దిగితే కృష్ణలో మునకే! ఇంక గీజరెందుకు?" అన్నాడు.

"ముందు ఈత నేర్చుకో తమ్ముడూ" అన్నాను. అందరూ నవ్వారు.

మా ఆవిడ, మరదలు లోపల గదులు కొలుస్తున్నారు. ఉయ్యాల బల్ల ఎక్కడ వేయాలో, దేవుడి గూడు ఎటు పెట్టాలో మా ఆవిడే చెబుతోంది. ఆవిడ గొంతులో అంత హుషారు విని ఎన్నాళ్లయిందో. అది చెల్లెలి ఇంటి కోసం. నా ఇంట్లో ఉయ్యాల బల్ల వేయడానికి చోటే లేదు.

మా మరదలి పని గురించి ఇక్కడ చెప్పాలి. పెళ్లి జాకెట్లకి మగ్గం వర్క్ చేస్తుంది. పెళ్లయిన కొత్తలో ఒక్కతే కూర్చుని కుట్టేది. నేను చెబుతున్న రోజులనాటికి వాళ్లింట్లో మగ్గాల చుట్టూ ఊళ్లోని ఆడవాళ్లు కొందరు కూర్చుని పనిచేసేవాళ్లు. గన్నవరం నుంచి కూడా పెళ్లివాళ్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. షాపు సరుకు కోసం మా తోడల్లుడు ఇబ్బంది పడిన రోజుల్లో ఆ ఇల్లు గడిచింది ఆ జాకెట్ల మీదే. అది అతనే అందరి ముందూ చెప్పేవాడు. వాళ్ల ఇంటి పక్కన పెద్ద బిల్డింగు లేచి, లోపలికి వెలుతురు రాకుండా పోయింది. వాళ్లు ఇల్లు మారాలనుకున్నది అందుకే. కృష్ణ అందం ఆ తర్వాతి మాట.

ఒక ఆదివారం భోజనానికి పిలిచి, కాఫీలయ్యాక, పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అంతా ఇంగ్లీషులో ఉంది.

"బిల్డరు ఇచ్చాడండీ. రేపు అగ్రిమెంటు. లాయరుకి చూపించమన్నారు గానీ, ఇంట్లో మీరుండగా లాయరెందుకన్నాను."

మా వైపు ఇది మామూలే. ఇంట్లో ఒకడికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తే బయటి మనిషికి కాగితం చూపించడం నామోషీ. చూపిస్తే ఇంట్లోవాణ్ణి నమ్మనట్టు. ఆ నమ్మకం నా మీద పెట్టాడు.

ఇంకో సంగతి కూడా అతనికి తెలుసు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి నేను కొన్నేళ్లు సెక్రటరీగా చేశాను. మా రూల్స్ రాసింది నేనే. మా రెండో అంతస్తులో ఒకామె ఇంట్లో కుట్టు మిషన్లు పెట్టి జాకెట్లు కుట్టేది. చప్పుడని పైవాళ్లు గొడవ చేస్తే, రూలు కాగితం పట్టుకెళ్లి ఆమె గుమ్మంలో నిలబడింది కూడా నేనే. ఆమె ఏమీ వాదించలేదు. తర్వాతి నెలలో ఖాళీ చేసి వెళ్లిపోయింది. ఇలాంటి రూలు కాగితం మీద నుంచి లేచి ఇంట్లోకి ఎలా వస్తుందో నాకంటే బాగా ఆ గదిలో ఎవరికీ తెలియదు.

పుస్తకం సగంలో ఉంది ఆ రూలు. ఫ్లాటు కాపురానికి తప్ప వేరే పనికి వాడకూడదు, బయటివాళ్లు రోజూ వచ్చి పనిచేసే వ్యాపారం ఏదీ ఇంట్లో నడపకూడదు. తర్వాతి పేజీలో ఇంకోటి. బయటికి కనిపించే బాల్కనీలకి అద్దాలు గానీ గ్రిల్స్ గానీ బిగించకూడదు. రెండోసారి చదివాను. పేజీ తిప్పేశాను.

అప్పుడే మా మరదలు గుమ్మం దగ్గర, ఉన్న కాస్త వెలుతురుకి రెండు దారప్పోగులు ఎత్తి పట్టుకుని చూసుకుంటోంది.

"ట్యూబులైటు కింద చిలకపచ్చా ఆకుపచ్చా ఒకేలా ఉంటయి బావగారూ. పెళ్లికూతురి తల్లి పగటిపూట చూసిందంటే తిట్టిపోసిద్ది. అక్కడైతే ఆ బాధ లేదు. బాల్కనీకి అద్దాలు బిగించుకుని మగ్గాలు అందులోనే వేస్తా. అద్దాల్లేకపోతే ఆ ఏటిగాలికి పూసలన్నీ ఎగిరిపోవూ!" అని, కాస్త ఆగి అడిగింది. "ఆ పుస్తకంలో మగ్గాలకి ఇబ్బందేం లేదు కదా?"

"అన్నీ మామూలు రూల్సేనమ్మా. ఏ అపార్ట్‌మెంటులో చూసినా ఇవే ఉంటయి" అన్నాను.

ఆ మాటలో అబద్ధం లేదు. ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే. అబద్ధమాడి ఉంటే ఆడానని ఎప్పుడో ఒప్పుకునేవాణ్ణేమో. అబద్ధం కాని మాట ఒకటి వెతికి పట్టుకుని, దాని వెనక దాక్కున్నాను. అంత పెద్ద బాల్కనీ, అంత కృష్ణ, మా ఆవిడ గొంతులో ఆ హుషారు, అన్నీ వాళ్లకేనా, ఏదో ఒక చికాకు ఉండనీ అనుకున్నాను. ఆమె పనే పోతుందని అనుకోలేదు. అనుకోవడానికి ప్రయత్నించలేదు అనడం ఇంకా సరైన మాట.

గృహప్రవేశం నాడు ఆవుని గేటు దగ్గరే ఆపేశారు. లోపలికి జంతువుల్ని రానివ్వరట, అదీ రూలే.

"ఆవుక్కూడా నో ఎంట్రీనా! పాపం, దానికి ముందే చెప్పాల్సింది" అన్నాడు మా తోడల్లుడు. పూజ గేటు దగ్గరే చేసి, పైకెళ్లి పాలు పొంగించారు. మర్నాడు పొద్దున తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి కిందకి దిగితే, కృష్ణ వైపు గేటుకి తాళం. చూడ్డానికే గానీ దిగడానికి లేదని వాచ్‌మన్ చెప్పాడట. ఆ సంగతి అతనే నవ్వుతూ ఫోన్లో చెప్పాడు. నేను కూడా నవ్వాను. ఆ రోజు అన్నం కాస్త ఎక్కువే తిన్నాను.

గృహప్రవేశం భోజనాల దగ్గర ఎవరో ఒకాయన "పెద్దల్లుడుగారు కూడా ఇటే కొనుక్కోవాల్సింది" అన్నాడు.

"ఎండాకాలం రండి. ఇసుక తప్ప ఏం కనపడదు" అన్నాను.

మా అత్తగారు నెయ్యి వడ్డిస్తూ "ఇసకైనా కృష్ణ ఇసకే గదా బాబూ" అంది. అందరూ నవ్వారు. నా ముఖం మాడిపోయింది. మా ఆవిడ నావైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

అద్దాలు బిగించారు. మగ్గాలు వచ్చాయి. మా మరదలు మమ్మల్ని పనిగట్టుకుని పిలిచింది, వెలుతురు చూపించడానికి. కృష్ణ మీద నుంచి వెలుతురు లేచి ఆ అద్దాల్లోంచి గుడ్డ మీద పడుతోంది. ఆమె రెండు దారప్పోగులు తీసి నా ముందు పట్టుకుంది. "ఇప్పుడు చెప్పండి బావగారూ, ఏది చిలకపచ్చ?" చూపించాను. "చూశారా, మగాళ్లకి కూడా తెలుస్తోంది!" అంది. పనిచేసే ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. చెప్పాలనిపించిన క్షణం ఏదైనా ఉంటే అది అదే. కానీ అప్పుడు చెబితే, ముందే తెలిసీ చెప్పలేదని తేలిపోతుంది. వెలుతురు బాగుందమ్మా అన్నాను.

కొద్ది వారాలకి గొడవ మొదలైంది. ముందు పనికొచ్చే ఆడవాళ్లని గేటు దగ్గర ఆపి, ఎవరింటికి, ఎందుకు అని రోజూ ప్రశ్నలు. తర్వాత లిఫ్టు వద్దు, మెట్లెక్కండి అన్నారు. ఆ తర్వాత నోటీసు, అద్దాలు తీసేయాలి, వ్యాపారం ఆపేయాలి అని. మా తోడల్లుడు నాకు ఫోన్ చేశాడు.

"అన్నయ్యగారూ, మీరు సెక్రటరీ చేసినోరు. ఒక్కసారి వచ్చి మాట్లాడితే వింటారండీ."

వెళ్లాను. కింద మీటింగు హాల్లో అసోసియేషన్ ప్రెసిడెంటు, ఇంకొందరు ఉన్నారు. మర్యాదస్తులే. ప్రెసిడెంటుగారు పుస్తకం తీసి నేను పేజీ తిప్పేసిన ఆ రూలు పైకి చదివారు. తర్వాత మా తోడల్లుణ్ణి అడిగారు.

"ఒకళ్లకి ఒప్పుకుంటే రేపు ఇంకొకళ్లు క్లినిక్ పెడతామంటారండీ. కొనేముందు మీరు ఇది చదివారా, లేదా?"

అతను నావైపు చూశాడు. ఒక్కసారే. 'మా అన్నయ్యగారికి చూపించానండీ' అంటాడనుకున్నాను.

"నేనే సరిగ్గా చూసుకోలేదండీ" అన్నాడు.

నేను కాస్త టైము ఇవ్వండని అడిగాను. అంతే. అద్దాలు తీయడానికి టైము ఇచ్చారు.

నన్ను ఇంటి దగ్గర దింపడానికి వస్తూ కార్లో అతనే మాట్లాడాడు. "మీరేం మనసులో పెట్టుకోకండి. అన్నీ చిన్న చిన్న అక్షరాలు. అప్పుడు మీ కళ్లజోడు కూడా పాతదే గదా."

"అవును తమ్ముడూ. తర్వాత పవర్ మారింది" అన్నాను.

నా తప్పుకి సాకు అతను వెతికిచ్చాడు, నేను తీసుకున్నాను.

పాత ఇల్లు అమ్మేశారు కాబట్టి మగ్గాలు షాపు వెనక గోడౌన్లోకి వెళ్లాయి. పైపుల మధ్య, బల్బు కింద. కృష్ణ ఒడ్డు నుంచి ఆమె రోజూ కంకిపాడు వెళ్లి వచ్చేది. ఒక పెళ్లి జాకెట్ రంగు తప్పిందని వెనక్కి వచ్చింది. అది నలుగురికీ తెలిసింది. పనిచేసే ఆడవాళ్లు ఒకరొకరుగా వేరేచోట్లకి వెళ్లిపోయారు. చివరికి ఆమె పెళ్లి ఆర్డర్లు తీసుకోవడం మానేసింది. మగ్గాల చట్రాలు గోడకి చేర్చి, వాటిమీద పాత దుప్పటి కప్పారు.

"చెల్లి ఆ బాల్కనీ తలుపే తియ్యట్లేదండీ. ఎందుకే అంటే దుమ్మొస్తందంటది" అని మా ఆవిడ ఒకరోజు వంటింట్లోంచి అంది.

ఇది రాయడం కష్టంగా ఉంది. ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది జాలి కాదు. ఛాతీలో ఏదో తేలికపడింది. ఇప్పుడు వాళ్లకీ మాకూ ఒకటే, మా కిటికీ మేమూ తెరవం, వాళ్ల తలుపు వాళ్లూ తెరవరు అనిపించింది. ఒక్క క్షణమే. ఆ తర్వాత మా ఆవిడ వీపు చూస్తూ కూర్చుండిపోయాను. చెల్లెలి కోసం ఉయ్యాల బల్లకి చోటు వెతికిన మనిషి ఆవిడ. నాతో ఒకే ఇంట్లో ఉంటూ, నేనేం చేశానో తెలియకుండా బతుకుతూ వచ్చింది.

ఫ్లాటు కొనే తెలిసినవాళ్లు ఇప్పటికీ నన్ను సలహా అడుగుతుంటారు. పార్కింగు, నీళ్లు, మెయింటెనెన్సు గురించే అడుగుతారు. నేను వాళ్లతో ఒకటే చెబుతాను. మీ ఇంట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం జరుగుతుందో ముందు ఆలోచించుకోండి. ఎవరొస్తారు, ఎవరు ఏ పని చేస్తారు, వడియాలు ఎక్కడ ఎండుతాయి, రేపు ఇంట్లో ఏం మొదలుపెట్టాలనుకుంటున్నారు. అది మనసులో పెట్టుకుని రూల్స్ చదవండి, సందేహముంటే సంతకానికి ముందే అసోసియేషన్‌ని అడగండి. రూలు మామూలుదే కావచ్చు, మీ ఇంటికి మాత్రం మామూలుది కాకపోవచ్చు. ఇంత బాగా చెప్పగలవాణ్ణి, చెప్పాల్సిన ఒక్క ఇంట్లో చెప్పలేదు.

మొన్న గన్నవరంలో మా బావమరిది ఇంట్లో భోజనాలకి అందరం కలిశాం. మా ఆవిడకి తమ్ముడతను. తను కూడా కృష్ణ వైపు ఫ్లాటు చూశాడు. భోజనాలయ్యాక రూల్స్ పుస్తకం తెచ్చి ఊపుతూ చూపించాడు.

"నేను మాత్రం చిన్నబావ లాగా కళ్లు మూసుకుని సంతకం పెట్టనండోయ్!"

"పెట్టకు. పెడితే ఆవుని కూడా ఆపేస్తారు" అన్నాడు మా తోడల్లుడు. గదంతా నవ్వింది. నా నోరు కూడా అలవాటుగా నవ్వడానికి తెరుచుకుంది.

"పెద్దబావకివ్వరా" అంది మా మరదలు. తమలపాకులు తుడుస్తోంది, తల కూడా ఎత్తలేదు. "మాదప్పుడు కంగార్లో చూశారు గానీ, ఈసారి నిదానంగా చూస్తారులే."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని వెతికాను. నిజంగానే నమ్ముతోంది.

బావమరిది పుస్తకం నా చేతిలో పెట్టాడు. పేజీలు తిప్పాను. సగంలో ఉంది, దాదాపు అవే మాటలు. ఈసారి పైకి చదివాను, తెలుగులో. కాపురానికి తప్ప వేరే పనికి వాడకూడదు. బయటివాళ్లు రోజూ వచ్చి పనిచేసే వ్యాపారం నడపకూడదు.

"ఈ రూలు ఆ రోజు కంకిపాడులో కూడా చదివాను" అన్నాను.

"ఇప్పుడెందుకులేండి అన్నయ్యగారూ" అన్నాడు మా తోడల్లుడు గబుక్కున. అతనికి తెలుసేమో. ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు.

"చెప్పనీ తమ్ముడూ. అందరూ వినండి. ఇతను చదవకుండా సంతకం పెట్టలేదు. చదివి చెప్పమని నా చేతికిచ్చాడు. నేను చదివి దాచాను. కళ్లజోడు బాగానే ఉంది, అక్షరాలు బాగానే కనపడినయ్."

మా ఆవిడ లేచి నిలబడింది. నేను ఆవిడవైపు చూడలేకపోయాను. మా మరదలి వైపు తిరిగాను. ఆమె చేతిలో తమలపాకు అలాగే ఉంది.

"అమ్మా, మగ్గాలకి ఇబ్బంది లేదు కదా అని నువ్వు అడిగావు. ఉందని నాకు తెలుసు. మీ ఇల్లు చూసి ఓర్వలేక చెప్పలేదు. కుదరదని ఆ రోజు ఒక్క మాట అనుంటే మీరు ఇంకో ఇల్లు చూసుకునేవాళ్లు, నీ పని నిలబడేది. నీ పని పోయింది నా వల్ల. తప్పు చేశానమ్మా, నన్ను క్షమించు. తమ్ముడూ, ఇన్నాళ్లూ నా బదులు నువ్వు మాటలు పడ్డావు. నువ్వు కూడా నన్ను క్షమించు."